నాన్న ఫోటోల వెనక రాసిన ఊళ్ళు: లెబనాన్‌లోని షూఫ్ కొండల గురించి తెలిసినవాళ్ళు చెప్పగలరా?

వంశధార

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా నాన్న సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. 2003లో మన బెటాలియన్ ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో భాగంగా దక్షిణ లెబనాన్‌లో ఉన్నప్పుడు ఆయనా అక్కడున్నారు. ఆయన పోయి రెండేళ్ళయింది. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే ఆయన ట్రంకుపెట్టెలో, యూనిఫాం మడతల కింద, అయిదు ఫోటోలు దొరికాయి. ఆ దేశం సంగతులు ఆయన మాకు పెద్దగా చెప్పేవారు కాదు. ఫోటోల వెనక మాత్రం పెన్సిల్‌తో ఒకటి రెండు ముక్కలు రాసుకున్నారు.

మొదటిదాంట్లో ఒక పెద్దాయన. తెల్లటి గుబురు మీసాలు, ఎర్ర టోపీ చుట్టూ బిగించి చుట్టిన తెల్లబట్ట, వదులుగా ఉన్న నల్లటి పైజమా. చేతిలో ఏదో చిన్న వస్తువు, వేళ్ళ మధ్య దాగిపోయింది. సన్నటి లోహపు గొట్టం ఒకటి పైకి కనబడుతోంది. వెనక రాసింది: "బారూక్. తాతగారు చేదు చాయ్ పోశారు. గొట్టంతో పీల్చాలి."

రెండోదాంట్లో మంచులో ఒక మహావృక్షం, కొమ్మలు అరుగుల్లా అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. "దీని కింద నిలబడితే గొంతు పెద్దగా లేవదు." మూడోది ఒక రాజభవనం లోపలి ముంగిలి, మధ్యలో నీళ్ళ ఫౌంటెన్: "బైతుద్దీన్." నాలుగోది మెట్లుమెట్లుగా రాళ్ళు పేర్చిన కొండవాలు: "మన ఏజెన్సీలో ఇలా కట్టుకుంటే మట్టి నిలిచేది." అయిదోది కప్పు కూలిన రాతి ఇల్లు, లోపలి నుంచి అంజూరపు చెట్టు పెరిగింది. వెనక: "ఎవరి ఇల్లని అడిగాను. ఎవరూ చెప్పలేదు."

నాన్న నిలబడిన చోట్లు ఎలాంటివో తెలుసుకోవాలని ఉంది. స్కాన్ చేసి పెట్టాను, చూడండి.

పాతమ్యాపు

అమ్మా, నలభై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. లెబనాన్ ఒకసారి వెళ్ళొచ్చాను. మీ నాన్నగారి ఫోటోలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

అవి షూఫ్ కొండలవి. బేరూత్ నుంచి సముద్రం పక్కనే దక్షిణంగా వెళ్ళి, దామూర్ దగ్గర ఎడమకు తిరిగి, ఏటి లోయ వెంట పైకెక్కాలి. నలభై అయిదు కిలోమీటర్లు పోయేసరికి బైతుద్దీన్. కింద అరటితోటలు, ఉప్పుగాలి. గంట తిరక్కుండా పైన్ చెట్లు, ఇంకా పైకెళ్తే చలికాలంలో మంచు. మన బెటాలియన్ ఉండేది అక్కడ కాదు, ఇంకా దక్షిణాన, హెర్మోన్ పర్వతం వైపు. ఆ దగ్గరలోనూ హస్బాయా అనే డ్రూజ్ ఊరుంది, కాబట్టి ఆ వేషం మీ నాన్నగారికి అప్పటికే అలవాటై ఉంటుంది. షూఫ్‌కి సెలవు రోజున వెళ్ళి ఉంటారు.

డ్రూజ్‌లు ఎవరో ముందు చెప్పాలి. 11వ శతాబ్దం మొదట్లో కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం కాలంలో పుట్టిన మార్గం వాళ్ళది. 1017లో బహిరంగ ప్రచారం మొదలైంది, 1043లో తలుపులు మూసేశారు. ఆ తరవాత బయటివాళ్ళెవరినీ చేర్చుకోలేదు, ఇప్పటికీ చేర్చుకోరు. డ్రూజ్ తల్లిదండ్రులకు పుట్టినవాళ్ళే డ్రూజ్‌లు. తమను తాము 'మువహ్హిదూన్' అంటారు, దేవుడొక్కడేనని నమ్మేవాళ్ళు అని అర్థం. ఈజిప్టులో వేటాడితే అక్కడ ఆ మార్గమే అంతరించింది. లెబనాన్, సిరియా కొండల్లో మిగిలింది. ప్రపంచం మొత్తమ్మీద సుమారు 10 లక్షల మంది ఉంటారు. పైకెక్కి రావడం కష్టమైన చోటే వాళ్ళ మతం బతికింది. ఆ కొండ లేకపోతే ఆ మతం ఇవాళ ఉండేది కాదనే నా నమ్మకం.

వాళ్ళలో రెండు తరగతులు. గ్రంథం చదివే దీక్ష తీసుకున్నవాళ్ళు 'ఉక్కాల్', అంటే జ్ఞానులు. తీసుకోనివాళ్ళు 'జుహ్హాల్'. ఎక్కువమంది ఈ రెండో తరగతే. దీక్ష ఆడవాళ్ళూ తీసుకోవచ్చు. తీసుకున్నాక పొగ, మద్యం ముట్టకూడదు, అబద్ధం ఆడకూడదు, దుస్తుల్లో ఆడంబరం ఉండకూడదు. మొదటి ఫోటోలోని పెద్దాయన ఉక్కాల్ షేక్. ఆ తలపాగా దీక్షకు గుర్తు.

షార్జా_సాయంత్రం

అక్కా, ఇక్కడ గల్ఫ్‌లో పదమూడేళ్ళుగా ఉన్నాను. మనవాళ్ళకి మొదట వచ్చే అరబ్బీ మాటల్లో 'షూఫ్' ఒకటి, 'చూడు' అని. ఆ సీమకు పేరు అందువల్లే వచ్చిందని అనను గానీ, మీ పోస్టు శీర్షిక చూడగానే నా చెవిలో అలాగే పలికింది.

మా సైటులో బాక్లీన్ అనే ఊరి సర్వేయర్ ఉండేవాడు, డ్రూజ్. ఆరేళ్ళు ఒకే గదిలో భోంచేశాం. మతం గురించి అడిగితే నవ్వి, "నేను జాహిల్‌ని, నాకే తెలీదు" అనేవాడు. మాస్టారు చెప్పిన జుహ్హాల్‌లో ఒకడన్నమాట. అందరిముందూ నిలబెట్టి అడిగినా అంతే. దాచిపెట్టడం అనుకున్నాను మొదట్లో. తరవాత అర్థమైంది, దీక్ష లేనివాడికి నిజంగానే గ్రంథం ఇవ్వరు.

ఒక్క సంగతి మాత్రం తనంతట తానే చెప్పాడు. వాళ్ళ నాన్నమ్మ పోయినరోజు ఇంటికెళ్ళలేకపోయాడు. నేను పక్కన కూర్చుంటే, "ఈపాటికి ఎక్కడో పుట్టేసుంటుంది" అన్నాడు. ప్రాణం పోయిన క్షణానే ఆత్మ మరో పసిబిడ్డలో చేరుతుందని వాళ్ళ నమ్మకం. దానికి వాళ్ళ మాట 'తకమ్ముస్'. కమీజ్ నుంచి వచ్చిన మాట. చొక్కా మార్చుకోవడం. మన సల్వార్ కమీజ్‌లో ఉన్న కమీజే.

ఇది విన్నరోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఒంటిని బట్టతో పోల్చడం మనం గీతలో చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా.

కృష్ణాతీరం

పునర్జన్మ ఉందంటే వాళ్ళ మూలాలు మనవే అన్నమాట. ఏదో కాలంలో ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళై ఉంటారు. ఇది ఎవరూ బయటపెట్టరు.

పాతమ్యాపు

కృష్ణాతీరం గారూ, అలా అనడం వాళ్ళకీ మనకీ న్యాయం కాదండీ. పోలిక ఉందని చుట్టరికం కలపలేం. పైథాగరస్, ప్లేటో కూడా ఆత్మ మళ్ళీ పుడుతుందన్నారు. డ్రూజ్ పెద్దలు గ్రీకు తాత్వికులను ఎంతో గౌరవిస్తారు. ఇస్మాయిలీ షియా ఆలోచన నుంచి, గ్రీకు తత్వం నుంచి పెరిగిన దారి అది.

తేడాలూ చూడండి. వాళ్ళ నమ్మకంలో మనిషి మనిషిగానే పుడతాడు, పశువుగానో చెట్టుగానో పుట్టడు. డ్రూజ్ ఆత్మ డ్రూజ్ ఇంట్లోనే పుడుతుంది. నడుమ ఖాళీ ఉండదు. కొందరు పసిపిల్లలు పాత జన్మ సంగతులు చెబితే దాన్ని 'నుత్క్' అంటారు, పలకడం అని. అలా రెండు కుటుంబాలు బంధువులైపోయిన ఇళ్ళు ఆ కొండల్లో ఉన్నాయి.

మనదేశంతో నిజమైన లంకె కావాలంటే ఒకటుంది. ముఖ్తారా ఊరి జుంబ్లాత్ జమీందారీ వంశంలో 1917లో పుట్టిన కమాల్ జుంబ్లాత్ పేరు వినే ఉంటారు. 1949లో ప్రోగ్రెసివ్ సోషలిస్టు పార్టీ పెట్టాడు. గాంధీ అంటే ప్రాణం. మనదేశానికి మళ్ళీ మళ్ళీ వచ్చి, తిరువనంతపురంలోని ఆత్మానంద కృష్ణమీనన్‌ను గురువుగా భావించి, అద్వైతం నేర్చుకున్నాడు. అంతటివాడి చేతికిందే అంతర్యుద్ధంలో సాయుధ దళమూ నడిచింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. 1977 మార్చి 16న బాక్లీన్ దగ్గరి రోడ్డుమీద కారులో ఉండగా కాల్చి చంపారు. ఆ కబురు పాకగానే, హత్యతో ఏ సంబంధమూ లేని చుట్టుపక్కల గ్రామాల క్రైస్తవులను ఊచకోత కోశారు. గాంధీని చదివినవాడి చావుకు జరిగిన పని అది.

కృష్ణాతీరం

మాస్టారూ, తొందరపడి అన్నాను. ఆత్మానంద సంగతి తెలీదు. దాని గురించి చదువుతాను.

సెలయేరు

వంశధార గారూ, అటవీశాఖలో పనిచేస్తున్నాను. మీ రెండో ఫోటో దగ్గరే ఆగిపోయాను.

అది లెబనాన్ దేవదారు. మన హిమాలయ దేవదారుకు సొంత అక్కచెల్లెలు, ఒకే ప్రజాతి. తెలుగు బైబిలు చదివే ఇళ్ళలో 'లెబానోను దేవదారు' అనే మాట తెలియనివాళ్ళుండరు. కుర్రచెట్టు గోపురంలా కోసుగా పెరుగుతుంది. వయసు మీదపడే కొద్దీ కొన తేలిపోయి, కొమ్మలు పక్కలకు చాపల్లా పరుచుకుంటాయి. ఫోటోలో మంచు ఒక్కో కొమ్మమీద ఒక్కో అరుగులా నిలిచింది చూశారా, అంత అడ్డంగా పరుచుకోవాలంటే వందల ఏళ్ళు పడుతుంది. కాయ పక్వానికి రావడానికే రెండేళ్ళు, ఆపైన పట్టవచ్చు.

ఆ కలప కోసం ఈజిప్టు ఫారోలు ఓడలు పంపారు. ఆ తీరంలోనే ఉండే పాతకాలపు సముద్ర వర్తకులు ఫినీషియన్లు దాంతో ఓడలు కట్టారు. 2వ శతాబ్దంలో రోమ్ చక్రవర్తి హేడ్రియన్ లెబనాన్ కొండబండల మీద శాసనాలు చెక్కించాడు, ఈ అడవిలోని మేలిజాతి చెట్లు చక్రవర్తివి, ఎవరూ నరకరాదని. ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అంత కాపలా ఉన్నా కొండలు బోడివైపోయాయి. దేశం జెండా మధ్యలో ఉన్న చెట్టు దేశంలో పిడికెడు చోట్లే మిగిలింది.

అందులో పెద్ద భాగం షూఫ్‌లోనే ఉంది. బారూక్, మాసిర్ అల్ షూఫ్, ఐన్ జహల్తా పైన ఉన్న తోపులు. 1996లో చట్టం చేసి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, 2005లో యునెస్కో జీవావరణ జాబితాలో చేరింది. ఆ హద్దుల్లో ఉన్న నేల మొత్తం లెబనాన్‌లో ఇరవయ్యో వంతు దాకా వస్తుంది. మేకల్ని రానివ్వకుండా ఆపాక, నాటకపోయినా మొలకలు వాటంతటవే లేచాయి. మా శాఖలో కొత్తగా వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే, నాటే ముందు మేపు ఆపి చూడండి అని.

ఇప్పుడు ముప్పు గొడ్డలి నుంచి కాదు. దేవదారు గింజ మొలవాలంటే మంచు చలి తగలాలి. మంచు తగ్గేకొద్దీ చెట్టు ఇంకా పైకి జరగాలి. బారూక్ శిఖరం 2,000 మీటర్లకు అటూ ఇటూ. దానిపైన జరగడానికి కొండ లేదు.

మడకశిర_మల్బరీ

నాలుగో ఫోటో గురించి చెప్తానండి. ఆ మెట్ల పొలాల్ని వాళ్ళు 'జల్' అంటారు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి ఆనించి కట్టినవి. ఒక తరం చెయ్యి తీసేస్తే వానకి జారిపోతాయి.

మా ఇంట్లో మూడు తరాలుగా పట్టుపురుగులు పెంచుతున్నాం, అందుకే ఈ సంగతి ఎప్పుడో చదివి గుర్తుపెట్టుకున్నాను. 19వ శతాబ్దంలో ఆ మెట్లమీద ఎక్కడ చూసినా మల్బరీ తోటలే. దారం తీసే మిల్లుల్ని వాళ్ళు 'కర్ఖానా' అనేవాళ్ళు, మనం అనే కార్ఖానాయే. కొండ ఊళ్ళ ఆడపిల్లలు వేడినీళ్ళ తొట్ల ముందు కూర్చుని గూళ్ళు విప్పేవాళ్ళు. ఆ దారం ఓడల్లో ఫ్రాన్సులోని లియోన్‌కి పోయేది. మా అమ్మ చేతివేళ్ళు ఆ వేడినీళ్ళకి ఎలా ఉండేవో నాకు తెలుసు కాబట్టి, ఆ పిల్లల చేతులు చూడకపోయినా చూసినట్టే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధంలో అంతా ఒకేసారి వచ్చి పడింది. 1915లో మిడతల దండు, ఓడరేవుల దిగ్బంధం, కరువు. పండేది మల్బరీ ఆకు, తినేది బయటి నుంచి వచ్చే గోధుమ. గోధుమ ఆగిపోయింది. 1918 దాకా మౌంట్ లెబనాన్‌లో జనం మాడి చచ్చిపోయారు. ఒకే పంటని నమ్ముకుని తిండిగింజ మానేసినవాళ్ళకి పట్టే గతి అది. తరవాత మల్బరీ పీకి ఆలివ్, ఆపిల్ వేసుకున్నారు.

పోపులడబ్బా

నేను మావారి ఉద్యోగం వల్ల బేరూత్‌లో 2011 నుంచి ఎనిమిదేళ్ళున్నాను. వేసవి సెలవుల్లో చాలా ఆదివారాలు షూఫ్‌లోనే గడిచాయి. ఊళ్ళ గురించి చెప్తాను.

బైతుద్దీన్ భవనం 1788లో అమీర్ బషీర్ షిహాబ్ మొదలుపెట్టించాడు, పూర్తవడానికి సుమారు ముప్పై ఏళ్ళు పట్టింది. బయటి ముంగిలి పెద్ద మైదానం. అతిథులు, గుర్రాలు, సైనికులు అక్కడే దిగేవాళ్ళు. లోపలికి వెళ్ళేకొద్దీ చలవరాయి, చెక్కిన దేవదారు కప్పులు, స్నానపు గదులు. మీ నాన్నగారి ఫోటో రెండో ముంగిలిది. కింది గుర్రపుసాలల్లో ఇప్పుడు సముద్రపొడ్డున జియ్యేలో తవ్వితీసిన బైజాంటైన్ మొజాయిక్‌లు పరిచి ఉంచారు. చల్లటి చీకటిలో, తోట మధ్యన, నేలమీద జింకలు, చిరుతలు. నాకు భవనం కంటే అవే ఇష్టం.

ఆ ఫౌంటెన్ నీళ్ళ గురించి అక్కడ ప్రతి ముసలమ్మా ఒక కథ చెప్తుంది. కొండమీద నీళ్ళు లేవు, సఫా ఊట చాలా దూరం. ఎలా తేవాలో ఎవరికీ పాలుపోలేదు. అమీర్ కొలువులో షనాయ్ ఊరి వెర్రివాడొకడు ఉండేవాడట. "ఊట దగ్గర్నుంచి ఇక్కడి దాకా జనాన్ని వరసగా నిలబెట్టు, ఒక్కొక్కడూ తన గోరీ అంత పొడుగు తవ్వమను, నీళ్ళు వస్తాయి" అన్నాడట. కథ సంగతి ఎలా ఉన్నా జనం చేత వెట్టి చేయించి కాలువ తవ్వించింది మాత్రం నిజం. గోరీ అంత అనడంలో ఆ వెర్రివాడు ఏం చెప్పదలచుకున్నాడో నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది.

లోయకి అవతలి గట్టున దైర్ అల్ కమర్. 'చంద్రుడి మఠం' అని పేరు. తేనెరంగు రాతి ఇళ్ళు, నడిచే కూడలి, ఎనిమిది పలకల మీనారు ఉన్న 1493 నాటి మసీదు, దాని పక్కనే పట్టువర్తకుల పాత సత్రం, కాస్త పైకి చర్చి, ఒకప్పటి యూదుల ప్రార్థనామందిరం. అన్నీ ఒక చూపులో పడతాయి.

తిండి గురించి చెప్పకుండా ఉండలేను. సెప్టెంబరులో ఏ ఊరికెళ్ళినా మిద్దెలమీద తెల్లటి దుప్పట్లు పరిచి ఉంటాయి. 'కిష్క్' ఆరబెడుతుంటారు. గోధుమరవ్వని పెరుగులో రోజుల తరబడి నానబెట్టి, పులియబెట్టి, ఎండబెట్టి, అరచేతులతో నలిపి పొడిచేస్తారు. చలికాలం పొద్దున్నే వెల్లుల్లి వేయించి అందులో ఆ పొడి, నీళ్ళు కలిపితే పుల్లటి గంజి. మన తరవాణి తాగి పెరిగిన నోటికి మొదటిరోజే నచ్చింది. చలికాలం కోసం ఇలా దాచుకునేవన్నీ కలిపి 'మూనే' అంటారు. నూనెలో ముంచిన లబ్నే (నీళ్ళు వడకట్టిన గట్టిపెరుగు) ఉండలు, దానిమ్మ రసం పాకం, ఎండు అంజూరాలు, వాము వాసన వేసే జాతర్ ఆకుల పొడి. మా పక్కింటావిడ అలమర తెరిచి చూపిస్తే వేసవిలో ఆవకాయ జాడీలు వరసపెట్టిన మా అమ్మమ్మ కొట్టుగది గుర్తొచ్చింది.

అయిదో ఫోటో గురించి మాస్టారు చెప్పాలి. నేను చెప్పలేను, ఆ ఇళ్ళ పక్కనుంచే నడిచినా.

పాతమ్యాపు

చెప్తానమ్మా. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఈ కొండలు ఒక మతానివి కావు. డ్రూజ్ ప్రభువుల కింద మారొనైట్ క్రైస్తవ రైతులు వచ్చి స్థిరపడ్డారు, పట్టు తోటలు పెంచారు. మాన్ వంశపు రెండో ఫఖ్రుద్దీన్ కాలంలో అది బాగా సాగింది. బాక్లీన్ నుంచి దైర్ అల్ కమర్‌కి కొలువు మార్చినవాడు, 1613 నుంచి అయిదేళ్ళు ఇటలీలో ప్రవాసం ఉండి, ఫ్లోరెన్స్ పాలకులైన మెడిచీల కొలువు చూసొచ్చినవాడు. ఆ దేశాన్ని ఏలుతున్న ఉస్మానీ (తుర్కీ) సుల్తానుకు అతను మరీ పెద్దవాడైపోయాడు. చివరికి కొండ అంచున వేలాడే గుహల్లో దాక్కుంటే పట్టుకుపోయి 1635లో ఇస్తాంబుల్‌లో చంపారు. నీహా దగ్గర ఆ గుహకోట ఇప్పటికీ చూపిస్తారు.

1711లో ఐన్ దారా దగ్గర డ్రూజ్‌లే రెండు వర్గాలై కొట్టుకున్నారు. ఓడినవాళ్ళు ఈ కొండ వదిలి సిరియాలోని హౌరాన్‌కి పోయారు. అక్కడి నల్లరాతి కొండకు 'జబల్ అల్ డ్రూజ్' అని పేరొచ్చింది. అక్కడి సుల్తాన్ అల్ అత్రాష్ 1925లో ఫ్రెంచివాళ్ళమీద తిరుగుబాటు లేవదీశాడు. ఆ వంశపు పిల్లలే కైరో చేరి గొప్ప గాయకులైన ఫరీద్ అల్ అత్రాష్, అస్మహాన్. అక్కడే, సువైదాలో, 2025 జూలైలో వందల ప్రాణాలు పోయాయి. ఆ వార్తలు చదువుతుంటే చేతులాడలేదు.

షూఫ్‌కి వస్తే, 1840ల నుంచే ప్రభువులకీ రైతులకీ ఉన్న తగువు మతాల తగువుగా మారింది. 1860 జూన్‌లో దైర్ అల్ కమర్‌లో క్రైస్తవుల్ని ఊచకోత కోశారు. హస్బాయాలోనూ అదే. ఫ్రెంచి సైన్యం దిగింది. 1861 నుంచి ఉస్మానీలే లెబనాన్ బయటి క్రైస్తవుణ్ణి గవర్నరుగా పెట్టి పాలించారు. తరవాత అర్ధశతాబ్దం కొండ ప్రశాంతంగానే ఉంది.

మళ్ళీ 1982లో ఇజ్రాయెల్ సైన్యం వచ్చింది, వాళ్ళ వెనక క్రైస్తవ సాయుధులు షూఫ్‌లోకి ఎక్కారు. 1983 సెప్టెంబరులో ఇజ్రాయెల్ హఠాత్తుగా వెనక్కి వెళ్ళింది. ఆ రాత్రి నుంచే కొండమీద యుద్ధం. కమాల్ కొడుకు వలీద్ జుంబ్లాత్ దళాలు గెలిచాయి. రెండువైపులా జనాన్ని చంపారు, చర్చిలు కూల్చారు, పదుల కొద్దీ గ్రామాల్లో క్రైస్తవులన్నవాళ్ళు మిగల్లేదు. దైర్ అల్ కమర్ చుట్టూ మూడు నెలలు ముట్టడి.

అమ్మా, 2003లో అంజూరపు చెట్టు పెరిగిన ఇల్లు అంటే సరిగ్గా ఇరవై ఏళ్ళ చెట్టు. ఎవరి ఇల్లో ఊరందరికీ తెలుసు. ఎందుకు చెప్పలేదో మీ నాన్నగారికి అర్థమయ్యే ఉంటుంది, అందుకే ఆ ముక్క రాసుకున్నారు.

2001 ఆగస్టులో మారొనైట్ క్రైస్తవుల మతపెద్ద, పేట్రియార్క్ నస్రల్లా స్ఫేర్ ముఖ్తారాకి వచ్చాడు. వలీద్ జుంబ్లాత్ ఎదురెళ్ళి ఆహ్వానించాడు. కొండ రాజీ అంటారు దాన్ని. కొందరు తిరిగొచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. చాలామంది బేరూత్‌లోనో విదేశాల్లోనో స్థిరపడిపోయారు, వేసవిలో వచ్చి తాళం తీసి, వారం ఉండి వెళ్తారు.

పోపులడబ్బా

మా పక్కింటావిడ అన్నాను కదా, ఆవిడ అలా తిరిగొచ్చిన క్రైస్తవురాలే. గోడ అవతలి డ్రూజ్ ఇంటికీ ఈవిడకీ రోజూ పళ్ళేలు ఇటూ అటూ తిరిగేవి. ఒకరోజు నేను అడగకూడనిది అడిగాను, మీకు కోపం లేదా అని. "ఆ ఇంట్లో చిన్నవాడు నా పెళ్ళికి డప్పు కొట్టాడు, ఆ ఇంట్లో పెద్దవాడు ఏం చేశాడో నేను అడగను" అంది. అంతే. మళ్ళీ ఆకులు తుంచుకుంటూ కూర్చుంది.

నేను వచ్చేశాక, 2024 చివర్లో బాంబుల నుంచి పారిపోయి దక్షిణం నుంచి వచ్చిన వేల కుటుంబాలకి షూఫ్ ఊళ్ళలో బడులు, ఇళ్ళు తెరిచారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది షియాలు.

వంశధార

రెండురోజులుగా మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. అయిదో ఫోటో గురించి చదివాక అమ్మకి చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆయన అక్కడి నుంచి వచ్చాక మన పాత ఇంటి గోడమీద రావిమొక్క లేస్తే వెంటనే పీకించేవారు, చెట్టు పీకడం పాపం అని నేనంటే వినేవారు కాదు" అంది.

ఇంకో చిన్న ప్రశ్న. ఆ చేదు చాయ్ ఏమిటి? గొట్టంతో తాగడం ఏమిటి?

షార్జా_సాయంత్రం

అక్కా, అది మాతె! మా సర్వేయర్ ఆఫీసు బల్లమీద అది లేకుండా పని మొదలుపెట్టేవాడు కాదు. లెబనాన్ కొండల్లో దొరికే ఆకు కాదది, దక్షిణ అమెరికాది. వంద, నూట పాతికేళ్ళ క్రితం ఈ కొండల నుంచి వేలమంది పొట్టచేతపట్టుకుని అర్జెంటీనా వెళ్ళారు. తిరిగొచ్చినవాళ్ళు ఈ అలవాటు తెచ్చారు. ఇవాళ సిరియా, లెబనాన్ డ్రూజ్ ఊళ్ళలో కాఫీకి సమానంగా నడుస్తుంది. ఆకు ఇప్పటికీ అర్జెంటీనా నుంచే వస్తుంది.

ఎండిన చిన్న సొరబుర్ర దొలిచి, అందులో సగానికి పైగా ఆకు పోసి, మరగని వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తారు. లోహపు గొట్టం అడుగున జల్లెడ ఉంటుంది, ఆకు నోట్లోకి రాదు. ఇంటివాళ్ళు ఒకళ్ళే పోస్తారు. ఒకే బుర్ర, ఒకే గొట్టం, కూర్చున్నవాళ్ళందరికీ వరసగా తిరుగుతుంది. ఒకరు తాగాక గొట్టం మూతిని నిమ్మతొక్కతో తుడిచి పక్కవాళ్ళకి ఇస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఆ తాతగారు మీ నాన్నగారికి తన గొట్టమే ఇచ్చారంటే ఇంట్లో మనిషిలా కూర్చోబెట్టారని.

వంశధార

తమ్ముడూ, నీ పోస్టు చదువుతూ లేచి దేవుడి గదిలోకి వెళ్ళాను.

మా దేవుడి గూట్లో ఇరవై ఏళ్ళుగా ఒక చిన్న సొరబుర్ర ఉంది. అంచుకి తగరపు పట్టీ. అమ్మ అందులో అగరుబత్తీలు పెడుతుంది. నాన్న తెచ్చిన బుర్ర, పారేయొద్దన్నారు అని మాత్రమే మాకు తెలుసు. ఏ తీర్థం నుంచో అనుకున్నాం. అగరుబత్తీలు తీసి బోర్లించి చూశాను. అడుగున ఏవో అరబ్బీ అక్షరాలు గోరుతో గీసినట్టున్నాయి. లోపలంతా నల్లగా మరకపట్టి ఉంది.

గొట్టం కోసం వెతికాం. వంటింటి సొరుగులో, అట్లకాడల మధ్య దొరికింది. అడుగున బొడిపెలా ఉండి, చిన్న చిన్న కన్నాలు. సీసాలో అడుక్కుపోయిన జీలకర్ర తీయడానికి వాడుతోందట అమ్మ.

ఫోటో పక్కన పెట్టి చూశాం. గొట్టం మీద మెలిక కూడా అదే. తాతగారు తనదే ఇచ్చి పంపారు.

పోపులడబ్బా

అయ్యో తల్లీ, కళ్ళు తడిసిపోయాయి.

బుర్రని సబ్బుతో కడగకు. వేడినీళ్ళు పోసి ఒకరోజు ఉంచి, పారబోసి, నీడలో ఆరబెట్టు. అగరుబత్తీల వాసన పోవడానికి మూడు నాలుగుసార్లు చెయ్యాలి. ఆ అక్షరాలు ఫోటో తీసి ఇక్కడ పెట్టు, నాకు కొద్దిగా చదవడం వచ్చు.

వంశధార

పెట్టాను చూడండి. అమ్మ ఒక్క మాట అడగమంది, విశాఖలో ఆ ఆకు ఎక్కడైనా దొరుకుతుందా అని.

షార్జా_సాయంత్రం

వెతకొద్దక్కా. ఉగాదికి ఊరొస్తున్నాను, పలాస మీదుగానే. రెండు పొట్లాలు తెస్తాను. నిమ్మకాయలు మీరు చూసుకోండి.

పోపులడబ్బా

మొదటి రెండక్షరాలు అరిగిపోయాయి. తరవాత ఉన్నది 'బారూక్'. దాని కింద అంకెలు, 2003.